అంతరిక్ష కేంద్రంతో మన బడి పిల్లలు మాట్లాడాలంటే: డాబా మీద యాంటెన్నా నుంచి చివరి ‘ఓవర్’ దాకా

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం రోజుకు నాలుగైదుసార్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రేడియోలకు అందేంత దగ్గరగా వచ్చి వెళ్తుంది. అందులో, యూరప్‌వాళ్ల కొలంబస్ గదిలో, ఒక హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని అభిరుచి కొద్దీ నడిపే రేడియో) సెట్టు బిగించి ఉంది. ఖాళీ దొరికినప్పుడు వ్యోమగాములు దాని ముందు కూర్చుని నేల మీద ఉన్న బడి పిల్లలతో మాట్లాడతారు. ఆరిస్ అనే అంతర్జాతీయ హామ్ బృందం ఈ ఏర్పాటు చూస్తుంది. మొదటి సంభాషణ 2000 డిసెంబరు 21న జరిగింది. ఆ రోజు కేంద్రంలో ఉన్న వ్యోమగామి బిల్ షెపర్డ్ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రపు బర్‌బ్యాంక్ బడి పిల్లలతో మాట్లాడారు. తర్వాత వెయ్యికి పైగా బళ్లకు ఆ అవకాశం దక్కింది. 2025 జులైలో శుభాంశు శుక్లా పైనుంచి బెంగళూరు, షిల్లాంగ్‌లలో కూర్చున్న పిల్లలతో హామ్ రేడియోలోనే మాట్లాడారు. మన బడికీ ఇది దూరం కాదు.

మాటలు సాగేది పది నిమిషాలే. ఆ పది నిమిషాల వెనక దాదాపు ఒక ఏడాది పని ఉంటుంది. ఎక్కువమంది మాస్టార్లు దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందన్న దగ్గర మొదలుపెడతారు. నేను చెప్పేది వేరు. చెవులతో మొదలుపెట్టండి. పైనుంచి వచ్చే గొంతును డాబా మీద నిలబడి ఒకసారి విన్న పిల్లలున్న బడికి దరఖాస్తు రాయడం కష్టం కాదు. వినని బడిలో అది కాగితంగానే మిగిలిపోతుంది.

మొదటి అడుగు: ముందు వినండి

అంతరిక్ష కేంద్రం నుంచి మాట వచ్చేది 145.800 మెగాహెర్ట్జ్ మీద, ఎఫ్ఎంలో. కేంద్రం మనకు 400 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. భూమిని ఒకసారి చుట్టిరావడానికి దానికి గంటన్నర చాలు. ఎప్పుడు వస్తుందో హెవెన్స్-అబోవ్ లాంటి సైట్‌లోనో, ఫోన్ యాప్‌లోనో మీ ఊరి పేరు పెడితే చెబుతుంది. అందులో మూడు విషయాలు రాసుకోండి: ఎన్ని గంటలకు, ఏ దిక్కున లేస్తుంది, నడినెత్తికి ఎంత దగ్గరగా వస్తుంది. దిగంతం నుంచి కోణం 40 డిగ్రీలు దాటిన రాకలనే ముందు ఎంచుకోండి. దిగంతం దగ్గర ఉన్నప్పుడు కేంద్రం 2,300 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, నెత్తిన ఉన్నప్పుడు 420 ప్రాంతంలో. అంటే నెత్తిన ఉన్నప్పుడు సిగ్నల్ దాదాపు 30 రెట్లు బలంగా వస్తుంది.

మన వైపు ఈ దారి గుర్తుపెట్టుకోవడం తేలిక. కేంద్రం నైరుతి నుంచి ఈశాన్యానికి పోయే రోజున, చెన్నై నుంచి హౌరా పోయే రైలు లైను పక్కన ఆకాశంలో ఇంకో లైను వేసినట్టుగా, మన తీరం వెంబడే వెళ్తుంది. రెండో రకం రాకలో వాయవ్యాన ఏజెన్సీ కొండల వైపు నుంచి లేచి ఆగ్నేయాన బంగాళాఖాతం మీదికి దిగిపోతుంది. రెండో రకంలో సముద్రం వైపు అడ్డేమీ ఉండదు కాబట్టి చివరి నిమిషం వరకూ వినిపిస్తుంది. పాలకొండ, సీతంపేట వైపు బళ్లలో కొండలు మొదటి నిమిషాన్ని మింగేస్తాయి. అది ముందే లెక్కలో వేసుకోండి.

హామ్ సెట్టు కొనాలన్నా లైసెన్సు ఉండాలి. కాబట్టి ఈ మొదటి విడతకు మీ జిల్లాలోనో విశాఖలోనో ఉన్న లైసెన్సుదారుడిని బడికి పిలవండి. హామ్‌లు ఇలాంటి పిలుపు కోసం ఎదురుచూసే మనుషులు. సెట్టులో స్క్వెల్చ్ (గరగరను ఆపే మీట) పూర్తిగా తెరిచి ఉంచమనండి. లేకపోతే బలహీనమైన మాట మూతపడిన తలుపు వెనకే ఆగిపోతుంది. ఎఫ్ఎం వెడల్పును ‘న్యారో’లో కాక ‘వైడ్’లో పెట్టాలి.

అన్ని రాకల్లోనూ మనిషి గొంతు వినిపించదు. వ్యోమగాములకు వాళ్ల పని ఉంటుంది. కొన్ని సందర్భాల్లో ఇదే ఫ్రీక్వెన్సీ మీద బొమ్మలు పంపుతారు, ఎస్ఎస్‌టీవీ అంటారు. సెట్టు పక్కన ఫోన్ పెట్టి, ఆండ్రాయిడ్‌లో రోబోట్36 యాప్ తెరిస్తే, కీచుమంటున్న ధ్వనిలోంచి రెండు నిమిషాల్లో ఒక రంగుల బొమ్మ గీత గీతగా దిగుతుంది. పిల్లల కళ్లు ఫోన్ మీద అతుక్కుపోయేది అక్కడే. ఇంకో సందర్భం కూడా ఉంది. చుట్టుపక్కల దేశాల్లో ఏదో బడితో వ్యోమగామి మాట్లాడుతున్నప్పుడు, ఆయన గొంతు మనకూ వినిపిస్తుంది. కింది పిల్లల ప్రశ్న వినిపించదు, జవాబు మాత్రమే వస్తుంది. అలాంటి ఒక సాయంత్రం మా డాబా మీద ఎనిమిదో తరగతి పిల్ల గబుక్కున నా చొక్కా పట్టుకుని, ‘మేస్టారూ, ఎవులో మాటాడతన్నారు!’ అంది. ప్రశ్న ఏమై ఉంటుందో జవాబును బట్టి ఊహించమన్నాను. ఆ ఆటే తర్వాత మాకు ప్రశ్నలు తయారు చేయడం నేర్పింది.

రెండో అడుగు: కొలత టేపుతో యాంటెన్నా

సెట్టుతో వచ్చే రబ్బరు తోక యాంటెన్నాతో కేంద్రం నెత్తిన ఉన్న ఒకటి రెండు నిమిషాలే వినిపిస్తుంది. చేత్తో పట్టుకుని ఒక దిక్కుకు గురిపెట్టే యాగీ యాంటెన్నా ఉంటే ఆరేడు నిమిషాలు వినిపిస్తుంది. దీన్ని పిల్లలతోనే చేయించండి, కొనొద్దు.

వడ్రంగి వాడే స్టీలు కొలత టేపు కావాలి, 25 మిల్లీమీటర్ల వెడల్పుది. నాలుగు ముక్కలు కత్తిరించండి: 105 సెంటీమీటర్లది ఒకటి, 89 సెంటీమీటర్లది ఒకటి, 45 సెంటీమీటర్లవి రెండు. అర అంగుళం పీవీసీ పైపు మీద ఒక చివర 105 ముక్క, అక్కడి నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో 45 ముక్కలు రెండూ ఎదురెదురుగా, వాటి మధ్య రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ. అక్కడి నుంచి ఇంకో 32 సెంటీమీటర్ల ముందు 89 ముక్క. మూడూ ఒకే తలంలో ఉండాలి. పొడవు ముక్క వెనక ఇంకో జానెడు పైపు వదిలితే అదే పిడి. పొట్టి ముక్క ఎటు చూస్తే యాంటెన్నా అటు చూస్తున్నట్టు.

మధ్యలోని రెండు ముక్కలకే కేబుల్. కోయాక్స్ కేబుల్ నడిమి తీగ ఒక ముక్కకు, చుట్టూ ఉన్న అల్లిక రెండో ముక్కకు. ఆ రెండింటినీ కలుపుతూ పదమూడు సెంటీమీటర్ల రాగి తీగను ‘యు’ ఆకారంలో వంచి, కాళ్ల మధ్య రెండు సెంటీమీటర్లు ఉండేలా సోల్డర్ చేయండి. చూడడానికి షార్ట్ సర్క్యూట్‌లా ఉంటుంది. ఈ ఫ్రీక్వెన్సీలో మాత్రం అది షార్ట్ కాదు, కేబుల్‌కూ యాంటెన్నాకూ జత కుదిర్చేది.

పని చెడేది ఒక్క చోటే. టేపు మీద పసుపు రంగు పూత ఉంటుంది. దాన్ని ఉప్పుకాగితంతో మెరిసే లోహం కనిపించేదాకా రుద్దాలి. సోల్డర్ చేసే చోట ముందు సీసం పలచగా పట్టించి, అప్పుడు తీగ పెట్టాలి. నేను మొదటిసారి పైపైన రుద్ది వదిలేశాను. కేంద్రం నెత్తి మీదికి వచ్చిన సమయానికి తీగ ఊడిపోయింది. ఆ రోజంతా పిల్లల ముఖాలు చూడలేకపోయాను. అప్పటి నుంచి ప్రతి అతుకునూ గట్టిగా లాగి చూశాకే డాబా ఎక్కుతున్నాం. టేపు అంచులు చర్మం కోస్తాయి కాబట్టి మూలలు గుండ్రంగా కత్తిరించి ఇన్సులేషన్ టేపు చుట్టండి.

వినేటప్పుడు ఒకరు దిక్కు చూపాలి, ఇంకొకరు గడియారం చూడాలి, మూడో వాళ్లు యాంటెన్నా పట్టుకోవాలి. మాట మసకబారితే మణికట్టు తిప్పి యాంటెన్నాను అడ్డం నుంచి నిలువుకు మార్చండి. కేంద్రం కదిలేకొద్దీ తరంగం వాలు మారుతుంది, మణికట్టు దానికి జవాబు చెప్పాలి.

మూడో అడుగు: లైసెన్సు

మాట్లాడే రోజున సెట్టు బాధ్యత లైసెన్సున్న హామ్‌దే. పిల్లలు ఆయన పర్యవేక్షణలో మాట్లాడతారు. బయటి హామ్ సాయంతో పని గడుస్తుంది. అయినా బడిలో ఒక మాస్టారో టీచరమ్మో లైసెన్సు తీసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. పన్నెండేళ్లు నిండిన పిల్లలూ పరీక్ష రాయవచ్చు. కేంద్ర టెలికాం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుని, రేడియో సిద్ధాంతం, నియమాలు అనే రెండు భాగాల పరీక్ష రాయాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు, ఈ పనికి అది చాలు. పదో తరగతి ఫిజిక్స్ బాగా వచ్చిన వాళ్లకు సిద్ధాంతం కొత్త కాదు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఈ రంగంలో ఉంది. పరీక్ష అయ్యాక లైసెన్సు చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి మొదటి అడుగుతో పాటే ఇదీ మొదలుపెట్టండి.

తిత్లీ తుపాను 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటూ ఫోన్లూ ఒకేసారి పోయిన సంగతి మన వాళ్లెవరూ మరవలేదు. బ్యాటరీ మీద నడిచే సెట్టు, దాన్ని వాడడం తెలిసిన నలుగురు మన బడిలో ఉండటానికి వ్యోమగామితో మాట్లాడటం ఒక్కటే కారణం కానక్కర్లేదు.

నాలుగో అడుగు: దరఖాస్తు, క్యాలెండరు

దరఖాస్తు ఆరిస్ ప్రాంతీయ సమన్వయకర్తలకు పంపాలి. వాళ్లు ముఖ్యంగా చూసేది యాంటెన్నా కాదు, చదువు పథకం. ఆ పది నిమిషాల ముందూ వెనకా పిల్లలు ఏం నేర్చుకుంటారు? ఎంతమంది? ఏ తరగతులు? ఇది ఖాళీ మాటలతో నింపొద్దు. ‘ఏడో తరగతి పిల్లలు మూడు నెలల పాటు కేంద్రం రాకపోకల సమయాలు రాసి, కక్ష్య వ్యవధి లెక్కకట్టారు’ అని మీరు చేసిన పని రాయండి. మొదటి రెండు అడుగులూ ముందే వేయించింది ఇందుకే.

నేరుగా మీ బడి నుంచే మాట్లాడతారా, టెలిబ్రిడ్జి ద్వారానా అని అడుగుతారు. టెలిబ్రిడ్జిలో వేరే దేశంలోని అనుభవజ్ఞుల స్టేషన్ రేడియో పని చేస్తుంది, మీ గొంతు ఫోన్ లైన్లో అక్కడికి చేరుతుంది. అందులో వైఫల్యం తక్కువ. అయినా సత్తా ఉంటే నేరుగానే కోరండి. తాము బిగించిన యాంటెన్నా తిరుగుతుంటే చూడటం వేరు, స్పీకరులో ఫోన్ వినడం వేరు.

ఇప్పుడు గడియారం. కేంద్రంలో గ్రీనిచ్ సమయం నడుస్తుంది. వాళ్లు ఉదయం ఆరింటికి లేచి రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటారు. మన లెక్కలో అది ఉదయం పదకొండున్నర నుంచి తెల్లవారుజామున మూడు దాకా. కాబట్టి మన సంభాషణ మధ్యాహ్నమో సాయంత్రమో, ఒక్కోసారి రాత్రో పడుతుంది. మార్చి నుంచి ఒంటిపూట బడులు, పబ్లిక్ పరీక్షలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. సంక్రాంతికి పిల్లలంతా అమ్మమ్మగారి ఊళ్లలో ఉంటారు. ఇవన్నీ తీసేస్తే మనకు అనువైనది డిసెంబరు మొదటి నుంచి సంక్రాంతి సెలవుల ముందు దాకా, మళ్లీ సెలవులయ్యాక ఫిబ్రవరి చివరి దాకా. దరఖాస్తులో ఇది స్పష్టంగా చెప్పండి. తేదీ మాత్రం వ్యోమగాముల పనిని బట్టి చివర్లోనే ఖాయమవుతుంది, చివరి నిమిషంలో మారవచ్చు కూడా. కలెక్టర్ గారిని, ఎమ్మెల్యే గారిని పిలిచే బళ్లు ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పుకోవాలి.

ఐదో అడుగు: గ్రౌండ్ స్టేషన్

ఇక్కడ పెద్ద హామ్‌ల సాయం తప్పదు. రెండు స్టేషన్లు కావాలి. ఒకటి ఆగినా రెండోది అదే క్షణంలో అందుకోవాలి. మొదటిది 50 వాట్లకు తక్కువ కాని సెట్టు, అడ్డం నిలువు ఎలిమెంట్లు (లోహపు కడ్డీలు) ఉన్న క్రాస్ యాగీ, దాన్ని పక్కకూ పైకీ తిప్పే రొటేటరు, రొటేటరును నడిపే కంప్యూటరు. రెండోది వేరే సెట్టు, తిప్పనక్కర్లేని నిలువు యాంటెన్నా, కారు బ్యాటరీ. కరెంటు పోతుందా అని అనుమానం వద్దు, పోతుందనే అనుకోండి.

కేబుల్ దగ్గర పొదుపు చేయొద్దు. సన్నటి ఆర్‌జీ-58 ముప్పై మీటర్లు వేస్తే సెట్టు ఇచ్చిన శక్తిలో మూడింట రెండు వంతులకు పైనే దారిలో పోతుంది. లావుపాటి ఆర్‌జీ-213లో పోయేది సగం లోపే. యాంటెన్నాకు దగ్గరి గదిలో స్టేషన్ పెడితే ఇంకా మంచిది. కళింగపట్నం, భోగాపురం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి కనెక్టర్లను నెలల్లో తినేస్తుంది. ప్రతి కనెక్టరునూ వాటర్‌ప్రూఫ్ టేపుతో కింది నుంచి పైకి చుట్టండి. పిడుగుల వేళ కేబుల్ ఊడదీయండి, తుపాను హెచ్చరిక వస్తే యాంటెన్నానే దించండి.

శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ఆగకుండా పోయే రైలు కూత దగ్గరకొస్తున్నప్పుడు సన్నగా ఉండి, దాటిపోగానే లావెక్కుతుంది కదా. కేంద్రం సిగ్నల్‌కూ అదే జరుగుతుంది. 145.800 మీద వస్తున్నప్పుడు దాదాపు మూడున్నర కిలోహెర్ట్జ్ పైన, పోతున్నప్పుడు అంతే కింద వినిపిస్తుంది. వైడ్ ఎఫ్ఎంలో ఇది పెద్ద ఇబ్బంది కాదు, పిల్లలకు మాత్రం మంచి పాఠం. మనం పంపే ఫ్రీక్వెన్సీ వేరు, దాన్ని ఆరిస్ వాళ్లు చెబుతారు. దాన్ని ఎవరితోనూ పంచుకోవద్దు. ఆ సమయంలో ఇంకెవరైనా దాని మీదికి వస్తే పిల్లల మాట మునిగిపోతుంది.

రొటేటరు సాఫ్ట్‌వేర్లో మీ అక్షాంశ రేఖాంశాలు సరిగ్గా ఇవ్వండి. భూగోళాన్ని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక పేరు పెట్టే హామ్‌ల గ్రిడ్ లెక్కలో శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు రెండూ ఎన్‌కే18లోనే ఉన్నాయి, విశాఖపట్నం ఎన్‌కే17. కక్ష్య వివరాలు ఆ రోజువే దించుకోండి. పాతవి వాడితే యాంటెన్నా కేంద్రం వెనకాలే తిరుగుతుంది.

ఆరో అడుగు: ప్రశ్నలు

నన్నడిగితే మొత్తం పనిలో సగం ఇదే. దీనికి రేడియో కన్నా ఎక్కువ సమయం ఇవ్వండి.

లెక్క ఇలా. మంచి రాకలో చేతికొచ్చేది తొమ్మిది నిమిషాలు అనుకుందాం. పిలిచి కలుసుకోవడానికి ముప్పై నలభై సెకన్లు పోతాయి, చివర వీడ్కోలుకు ఇరవై. ఒక ప్రశ్నకు పది సెకన్లు, జవాబుకు ఇరవై. అంటే పదహారు ప్రశ్నలు. ఇరవై రాయించి వరస పెట్టండి. చివరి నలుగురి వంతు రాకపోవచ్చని ఆ నలుగురికీ వాళ్ల అమ్మానాన్నలకూ ముందే చెప్పండి. ఆ రోజు అక్కడ చెబితే ఏడుపే.

‘అంతరిక్షంలో ఏం తింటారు’ అని అడగనివ్వొద్దు. దానికి జవాబు పుస్తకంలో ఉంది. పైన ఉన్న మనిషి మాత్రమే చెప్పగలిగేది అడగాలి. అక్కడ శరీరంలోని ద్రవాలు తలవైపు చేరి, ముక్కు దిబ్బడేసి, రుచి తగ్గినట్టుంటుందని పిల్లలు చదివాక ఒక పిల్లాడు ప్రశ్నను ఇలా మార్చాడు: ‘మా ఆవకాయ అక్కడ తింటే ఇక్కడంత కారంగా ఉంటుందా?’ అది ప్రశ్న. తుపాను చూసిన ఉద్దానం పిల్ల అడగాల్సింది ‘తుపాను ఎలా కనిపిస్తుంది’ అని కాదు, ‘గంటన్నర తర్వాత మళ్లీ చూసినప్పుడు అది కదిలిన తేడా మీ కంటికి తెలుస్తుందా?’ అని. అరసవల్లి దగ్గర పెరిగిన పిల్లలకు ఏడాదికి రెండుసార్లు స్వామి పాదాలను తాకే కిరణం తెలుసు. వాళ్లలో ఒకరు, ‘రోజుకు పదహారు సూర్యోదయాలు చూసే మీకు పొద్దు పొడిచిందని ఎప్పుడనిపిస్తుంది?’ అని అడగగలరు. తమ ఊరిలోంచి పుట్టిన ప్రశ్నను పిల్లలు మరచిపోరు, కాగితం చూడక్కర్లేదు.

ముందు తెలుగులో అడిగించండి. ప్రశ్న తమదయ్యాక ఇంగ్లిష్‌లోకి మార్చండి, పన్నెండు పదాలు దాటకుండా. తెలుగు మీడియం పిల్లలకు భయం ఇంగ్లిష్ అంటే కాదు, తప్పు పలికితే నవ్వుతారని. నవ్వకుండా ఉండటం మిగతా పిల్లలకు నేర్పాల్సిన పని. మన యాస పోగొట్టే ప్రయత్నం చేయకండి. నిదానంగా, పదానికి పదానికి మధ్య ఎడం ఇచ్చి పలికితే చాలు. ప్రశ్నల జాబితా వ్యోమగామికి ముందే చేరుతుంది కాబట్టి, ఒక మాట గరగరలో పోయినా ఆయన అందుకుంటారు. అందుకే వరస మార్చకూడదు.

ఏడో అడుగు: రిహార్సల్

మైకు మీటను నొక్కు, ఒక సెకను ఆగు, అడుగు, ‘ఓవర్’ అను, మీట వదులు. ఈ ఐదూ వేళ్లకు అలవాటయ్యేదాకా చేయించండి. ఆగకుండా మాట్లాడితే మొదటి పదం తెగిపోతుంది. మీట వదలకపోతే జవాబే రాదు. ఒక మాస్టారు పక్క గదిలో వ్యోమగామిగా కూర్చుని, గరగర చప్పుడు కలిపి జవాబులివ్వాలి. కనీసం పదిసార్లు స్టాప్‌వాచ్ పెట్టి చేయండి. ఒక్కోసారి చెప్పకుండా కరెంటు తీసేయండి, రెండో స్టేషన్ ఎన్ని సెకన్లలో అందుకుంటుందో చూడండి.

మైకుసెట్టు ఆయన్ని కూడా రిహార్సల్‌కు పిలవండి. సెట్టు ధ్వని హాల్లో వినిపించాలి, కానీ పిల్లలు మీట నొక్కినప్పుడు ఆ స్పీకర్లు మూగబోవాలి. లేకపోతే కూత పుట్టి అంతా పాడవుతుంది. ఎల్ఈడీ లైట్లు, ఇన్వర్టరు, ఫ్యాన్ రెగ్యులేటర్లు 145 మెగాహెర్ట్జ్ మీద రొద చేస్తాయి. ఒక్కొక్కటీ ఆపుతూ, రొద ఎక్కడ తగ్గుతుందో రాసుకోండి.

ఆ రోజు

రెండు గంటల ముందే పిల్లలకు తినిపించి వరసలో కూర్చోబెట్టండి. ముందు వరసలో ఉన్నవాళ్లకు నీళ్లు ఇవ్వండి. కేంద్రం లేచే సమయానికి పది నిమిషాల ముందు రొద చేసేవన్నీ కట్టేయండి. హాలు నిశ్శబ్దం కావాలి. రికార్డింగ్ రెండు ఫోన్లలో ఆన్ చేయండి.

సమయానికి హామ్ కేంద్రాన్ని దాని కాల్‌సైన్ (రేడియోలో పిలిచే పేరు)తో పిలుస్తారు: ‘ఎన్‌ఏ1ఎస్‌ఎస్, ఎన్‌ఏ1ఎస్‌ఎస్,’ వెంట తన కాల్‌సైన్. మొదటి పిలుపుకు జవాబు రాకపోవచ్చు. పది సెకన్లు ఆగి మళ్లీ పిలుస్తారు. ఆ నిశ్శబ్దంలో పెద్దవాళ్లు ఎవరూ పిల్లల వైపు వంగి ఏమీ చెప్పొద్దు. జవాబు వచ్చిన క్షణంలో మొదటి పిల్ల చేతికి మైకు వెళ్లాలి, ముందు ప్రసంగాలు ఉండకూడదు.

మధ్యలో మాట పోతే అదే ప్రశ్న ఒకసారి మళ్లీ అడిగించండి, రెండోసారి కూడా పోతే తర్వాతి వారికి వెళ్లండి. గడియారం పట్టుకున్న పిల్లాడు ‘ఒక నిమిషం’ అని చెయ్యెత్తగానే హామ్ ధన్యవాదాలు చెప్పి ముగించాలి. దిగంతం కిందికి పోతున్న గొంతు గరగరలో కలిసిపోయాక కూడా సెట్టును రెండు నిమిషాలు అలాగే ఉంచండి. పిల్లలు ఆ గరగర చివరిదాకా వింటారు.

ఆ తర్వాత లాగ్‌బుక్‌లో సమయం గ్రీనిచ్‌లోనూ మన లెక్కలోనూ రాయండి, అడిగిన ప్రతి పిల్లవాడి చేతా ఆ పేజీ మీద సంతకం పెట్టించండి. వంతు రాని నలుగురి ప్రశ్నలూ ఆ పేజీలోనే రాసి, వాళ్ల సంతకాలూ తీసుకోండి. ఇక ఫ్యాన్లు వేయండి.